మార్కుల మెమో కంటే ముందు కుల పత్రం అడిగినవాణ్ణి నమ్మకు

డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న తమ్ముడికీ, చెల్లికీ ఈ మాటలు. ఈపాటికి నీకొక ఫోన్ వచ్చుంటుంది, లేదంటే రేపోమాపో వస్తుంది. "ఐసెట్ రాశావు కదమ్మా, ఎంబీఏలో సీటుంది, నువ్వు రూపాయి కట్టక్కర్లేదు" అంటారు. ఆ గొంతు చాలా ప్రేమగా ఉంటుంది. నీ ర్యాంకు, మీ నాన్న పేరు, మీ మండలం అన్నీ వాళ్ళకి తెలుసు. ఎలా తెలిశాయని నీకు అనుమానం కూడా రాదు, ఎందుకంటే అప్పటిదాకా నీ చదువు గురించి అంత ప్రేమగా అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

2016లో నాకు ఫోన్ రాలేదు, మనిషే వచ్చాడు. మాది ఉయ్యూరు. మన్యం కాదు, కృష్ణా డెల్టా. చుట్టూ చెరుకు, వరి, చక్కెర ఫ్యాక్టరీ, బందరు రోడ్డు. ఇక్కడ కూడా ఆదివాసులుంటారా అని ఉద్యమంలో ఉన్నవాళ్ళే నన్ను అడిగారు. ఉంటారు. ఎరుకలోళ్ళం ఉన్నాం, యానాదులున్నారు, కాలువ గట్ల మీద, ఊరి చివర పేటల్లో ఉంటాం. ఏజెన్సీ కాదు కాబట్టి మా గడప తొక్కే ఆఫీసరు ఉండడు. ఆ రోజు బండి మీద వచ్చిన ఆయన టక్ చేసుకుని, చేతిలో రంగుల బ్రోచర్‌తో మా వాకిట్లో నిలబడ్డాడు. మా అమ్మ వెదురు దబ్బలు చీలుస్తోంది. ఆయన నన్ను అడిగిన మొదటి మాట "మార్కులెన్ని?" అని కాదు. "క్యాస్ట్ సర్టిఫికెట్ మీసేవలో తీయించారా?" అని.

నేను సంతోషపడ్డాను. అది చెప్పుకోవడానికి ఇవాళ సిగ్గేస్తోంది గానీ, నిజం అది.

ఎలా జరుగుతుందో చెప్తాను, విను. ఐసెట్‌కి 200 మార్కులు. మిగతావాళ్ళు క్వాలిఫై అవ్వాలంటే 25 శాతం, అంటే 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కులంటూ లేవు, రాసినవాళ్ళకల్లా ర్యాంకు వస్తుంది. ఈ సడలింపు తప్పని నేను అనను. మన పెద్దలు కొట్లాడి తెరిపించిన తలుపు అది. కానీ తలుపు పక్కనే కుర్చీ వేసుకుని బ్రోకరు కూర్చున్నాడు. సీట్లు నిండని కాలేజీకి ర్యాంకు ఎంతైనా ఒకటే. నీ తరఫున ప్రభుత్వం కట్టే ఫీజు కావాలి, నీ వేలిముద్ర కావాలి, తనిఖీ వచ్చిన రోజు బెంచీ మీద నువ్వు కూర్చోవాలి. బ్రోకరుకి తలకింత అని ముడుతుంది. నువ్వు ఆ కాలేజీకి విద్యార్థివి కాదు. పంటవి.

నేను చేరిన కాలేజీ పేరు రాయను. దాని పేరు రాస్తే మిగతావన్నీ మంచివని నువ్వు అనుకుంటావు. రెండేళ్ళలో నాకు ఫైనాన్స్ చెప్పిన మనిషి గైడు తెచ్చి చదివి వినిపించేవాడు. ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ షాపులో దొరికేది, పేరు మార్చుకుంటే సరి. కంపెనీలంటూ వచ్చినవి రెండు, రెండూ సేల్స్ పనికే. చివర్లో సర్టిఫికెట్ల కోసం వెళ్తే "గవర్నమెంటు డబ్బులు పడలేదు, బకాయి నువ్వు కట్టు, తర్వాత పడితే ఇస్తాం" అన్నారు. మా అమ్మ రెండు పందుల్ని అమ్మి కట్టింది. ఆ డబ్బు తిరిగి రాలేదు.

నాకు అప్పుడు తెలియనిది నీకు ఇప్పుడే చెప్తున్నా: ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషనే ఇచ్చింది. చేరేటప్పుడు చూసి, కాపీలు తీసుకుని, ఒరిజినల్స్ అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. "రూలు మాకు తెలుసులే, ఇక్కడ ఇలాగే" అన్నచోట చేరకు.

ఎంబీఏ పట్టాతో నాకొచ్చిన ఉద్యోగం ఏంటో తెలుసా? గ్రూపు లోన్ల వసూలు. వారం వారం పేటలకు వెళ్ళి, ఆడవాళ్ళని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరు కట్టకపోతే మిగతా అందరి చేతా కట్టించడం. నాకిచ్చిన రూటులో మా మేనత్త వాళ్ళ పేట ఉంది. మూడో వారం ఒకామె కట్టలేదు. నా పైవాడు ఫోనులో "కట్టేదాకా అక్కణ్ణుంచి లేవకు" అన్నాడు. రాత్రి ఎనిమిదింటిదాకా ఆ ఇంటి ముందు కూర్చున్నాను. మా అత్త నాకు మంచినీళ్ళు ఇచ్చింది, మాట్లాడలేదు. పదకొండు నెలలు చేసి మానేశాను. ఆ పదకొండు నెలలు కూడా ఎందుకు చేశానంటే, పందుల డబ్బు తిరిగి రావాలి కాబట్టి.

ఇదంతా చదివి "అక్క ఎంబీఏ వద్దంటోంది" అనుకుంటున్నావా? కాదు. నా గొడవ అది కాదు. నువ్వు చదవాలి. చదివితే అసలైనచోట చదవాలి, లేదంటే ఆ రెండేళ్ళు ఇంకో పనికి పెట్టుకోవాలి. మధ్యలో ఉన్నది వద్దు.

చదవొద్దు అనేవాళ్ళు వేరే ఉన్నారు. ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు "వ్యాపారం మనవల్ల అయ్యేదా? అది కోమట్ల పని, పెద్దోళ్ళ పని" అంటారు. ఈ మాట మన నోటితోనే ఎక్కువసార్లు విన్నాను, అదే నన్ను మండిస్తుంది. నీ కుల పత్రం ఒకసారి తీసి చూడు. ఎరుకల అయితే, కేంద్రం గెజిట్‌లో ఉన్న ఎస్టీ జాబితాలో మన పేరు పక్కన ఇంకేం పేర్లున్నాయో చదువు. దబ్బ ఎరుకల. కుంచపురి ఎరుకల. ఉప్పు ఎరుకల. దబ్బ అంటే చీల్చిన వెదురు, బుట్టలల్లేవాళ్ళు. కుంచపురి అంటే నేతగాళ్ళకు కుంచెలు కట్టి ఇచ్చినవాళ్ళు. ఉప్పు ఎరుకల అంటే తీరంలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకు మోసుకెళ్ళి, ధాన్యానికి మార్చుకుని, మళ్ళీ తీరానికి దిగినవాళ్ళు. సరుకు ఎక్కడ చవక, ఎక్కడ ప్రియం, ఏ నెలలో ఏ దారి నడుస్తుంది, ఎవరికి అరువివ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అన్నీ తెలిసినవాళ్ళు. వ్యాపారం మనకు రాదంటావేంటి? వ్యాపారమే మన పేరైతే!

మరి ఏమైంది? పందొమ్మిదో శతాబ్దంలో రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది, అడవిలో వెదురు కొడితే నేరమైంది. తిరిగి అమ్ముకునేవాళ్ళ బతుకు ఒక్క తరంలో కూలింది. బంజారాల ఎద్దుల బిడారులకూ ఇదే జరిగింది. బతుకు పోయినవాణ్ణి సర్కారు ఆదుకోలేదు, దొంగ అంది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. స్టువర్ట్‌పురం, సీతానగరం సెటిల్మెంట్లు అలా పుట్టాయి. సాల్వేషన్ ఆర్మీకి మనల్ని అప్పగించారు, హాజరు పట్టీలు పెట్టారు. స్టువర్ట్‌పురం నుంచి మనవాళ్ళని చీరాల పొగాకు కంపెనీ పనికి పంపారు. కదలకుండా ఒకచోట ఉండే చవక కూలీలు కావాలి, చట్టమే వాళ్ళని కదలనివ్వదు, ఇంతకంటే కంపెనీకి ఏం కావాలి? మేనేజ్‌మెంట్ అనే చదువు పుస్తకాల్లోకి రాకముందే మనవాళ్ళు దాన్ని చవిచూశారు. కాకపోతే బల్లకి అవతలి పక్క నుంచి.

ఇంకో రకం వాళ్ళు మన ఉద్యమంలోనే ఉన్నారు. నా అన్నలే, నాకు గౌరవమే. "ఎంబీఏ అంటే కార్పొరేట్ల చదువు, బాక్సైట్ తవ్వేవాడి చదువు, మనకు లా కావాలి, సోషల్ వర్క్ కావాలి" అంటారు. లాయర్లు కావాలి, కాదన్నదెవరు? కానీ అన్నా, ఒక్కటి చెప్పు. గనికి వ్యతిరేకంగా పదేళ్ళు ధర్నాలు చేశాం, ఆ కంపెనీ వార్షిక నివేదిక తీసి, అప్పు ఎంత, ఎవరిచ్చారు, ఎప్పుడు కట్టాలి, ఏ సంతకం ఆగితే ప్రాజెక్టు ఆగుతుంది అని చదవగలిగినవాళ్ళు మనలో ఎంతమంది? నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు వేదాంతను వద్దన్నాయి. వద్దనడానికి ఎంబీఏ అక్కర్లేదు, ధైర్యం కావాలి. ఆ ధైర్యం మనకుంది. వద్దన్న తర్వాత రోజు నుంచి ఏం చేయాలి అన్నచోటే మనం తడబడుతున్నాం.

1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనులు ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదు, ప్రభుత్వ సంస్థలో గిరిజనుల సహకార సంఘాలో చేసుకోవచ్చు అంది. గొప్ప తీర్పు. ఆ తర్వాత మన్యంలో ఏం చూశాం? రిజిస్టరులో మనవాళ్ళ పేర్లు, వెనక ఇంకెవడిదో పెట్టుబడి. సొసైటీ ప్రెసిడెంటు మనవాడే, చెక్కు బుక్కు మాత్రం టౌనులో ఉంటుంది. హక్కు మన చేతికొచ్చి లెక్క వాళ్ళ చేతిలో ఉండిపోతే హక్కు కూడా వాళ్ళదే అవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉంది. మెండా లేఖ అనే గోండుల ఊరు. అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది, అయినా వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్లు ఇవ్వమని అటవీశాఖ మొండికేసింది. 2011లో ఆ పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికొచ్చింది. అప్పుడు ఊరే కొట్టింది, ఊరే ధర పెట్టింది, ఊరే అమ్మింది, ఊరే లెక్క రాసుకుంది. అక్కడివాళ్ళెవరూ బిజినెస్ స్కూలుకి వెళ్ళలేదు, నిజమే. కానీ వాళ్ళకి ఏళ్ళ తరబడి కూర్చుని చదువుకునే అలవాటుంది, ఓపిగ్గా నేర్పేవాళ్ళున్నారు. మా అమ్మ ఇవాళ్టికీ బెజవాడ నుంచి వచ్చే వ్యాపారి చెప్పిన ధరకే బొంగు కొంటుంది. ఆ బొంగు ఏ అడవిదో, అక్కడి కోయ తమ్ముడికి ఎంత ముట్టిందో ఆమెకు తెలియదు. ఆ తమ్ముడికీ మా అమ్మ తెలియదు. ఆ ఇద్దరి మధ్యలో నలుగురు బతుకుతున్నారు. ఆ నలుగురి పనీ ఒక్క మనిషి నేర్చుకుని, ఆ మనిషి మనదై ఉంటే? నేను ఎంబీఏ కావాలంటున్నది ఇందుకు.

అన్నట్టు, ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్ళలో మా అమ్మ చాటలు, బుట్టలు పెడుతుంది. మొదటి రోజుల్లో ఒక ధర, జనం ఉప్పెనలా వచ్చిన రోజు ఇంకో ధర, ఆఖరి రోజు మోసుకెళ్ళే బాధ లేకుండా ఇంకో ధర. నాకు కాలేజీలో ప్రైసింగ్ చాప్టర్ చెప్పినాయనకి ఇంత తెలియదు.

సరే, ముందు నిన్ను నువ్వు అడగాల్సింది ఎందుకు అని. బ్యాంకు పీవో కావాలా, గ్రూప్-2 కావాలా? వాటికి డిగ్రీ చాలు. ఎంబీఏ పేరుతో రెండేళ్ళు పోగొట్టుకోకు, ఆ రెండేళ్ళు పరీక్షకి చదువు. పెళ్ళి సంబంధాల్లో చెప్పుకోవడానికా? చెల్లీ, ఇది నీకే చెప్తున్నా, దూరవిద్యలో ఏదో ఒక పీజీ చాలు దానికి, అప్పు చేయొద్దు. పెద్ద జీతం కావాలా? అందులో తప్పేం లేదు, సిగ్గుపడకు. మన పిల్లలు బాగా సంపాదిస్తే ఉద్యమానికి ద్రోహం జరిగినట్టు మాట్లాడేవాళ్ళని నేను పట్టించుకోను. లేదా సొసైటీ నడపాలనో, రైతుల కంపెనీ పెట్టాలనో, తేనె, కాఫీ, పసుపు, చేపలు అమ్మాలనో ఉందా? జీసీసీ 1956లో పుట్టింది, అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దుకాణం కూడా పెట్టారు. ఆ కప్పు ధర ఎంతో నిర్ణయించే గదిలో కూర్చోవాలనుందా? అయితే చదువు. కానీ ఆ గదిలోకి దారి మా వాకిట్లోకొచ్చిన బ్రోచర్‌లో లేదు.

దారి చట్టంలో ఉంది. 2006లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. ఐఐఎంలు దాని కిందికే వస్తాయి. విశాఖలో మనకొక ఐఐఎం ఉంది, 2015లో మొదలై ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్‌లో నడుస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంబీఏ ఉంది, ఢిల్లీ యూనివర్సిటీ వాళ్ళ ఎఫ్ఎంఎస్ ఉంది. వీటన్నిటికీ క్యాట్ స్కోరే కావాలి. క్యాట్ అంటే ఆకాశం నుంచి ఊడిపడ్డదేం కాదు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం, పట్టికలు చూసి ఆలోచించడం, లెక్కలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. లెక్కలు చాలామటుకు పదో తరగతివే, మెలిక పెట్టి అడుగుతారు. డిగ్రీలో మిగతావాళ్ళకి 50 శాతం కావాలి, మనకి 45 చాలు. ఫీజు మనకి సగం. బెజవాడలో సెంటరుంటుంది. నవంబరు చివర్లో పరీక్ష, దరఖాస్తు ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఎస్టీలకు ఎంత పర్సంటైల్ దాటితే ఇంటర్వ్యూకి పిలుస్తారో ప్రతి ఐఐఎం తన అడ్మిషన్ పాలసీలో అచ్చేస్తుంది, అది జనరల్ కంటే బాగా తక్కువ. డిగ్రీలో మాకు ఈ ముక్క ఒక్క లెక్చరరూ చెప్పలేదు. నువ్వు వెళ్ళకపోతే ఆ సీటు గురించి "అర్హులు దొరకలేదు" అని రాసుకుంటారు.

భయపెట్టేది ఇంగ్లీషు. నన్నూ భయపెట్టింది. ఒక ఏడాది రోజుకో సంపాదకీయం చదివితే ఈ భయం సగం పోతుంది. మిగతా సగం చేరాక కూడా ఉంటుంది, అబద్ధం చెప్పను. అక్కడ నీ పక్కన కూర్చునేవాళ్ళు ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు. "కోటా" అనే మాట క్లాసులో కాకపోతే మెస్సులో వినపడుతుంది. ఐఐఎంలేం పుణ్యక్షేత్రాలు కావు. 2019లో కేంద్ర సంస్థల్లో టీచరు పోస్టులకు రిజర్వేషన్ చట్టం వస్తే, మమ్మల్ని మినహాయించండి అని అడిగినవి ఇవే ఐఐఎంలు. నీకు పాఠం చెప్పే గదిలో నీలాంటి ముఖం కనపడకపోవడానికి కారణం అది. వెళ్ళొద్దనడం లేదు. తెలిసి వెళ్ళు అంటున్నా.

ఇక పేరుమోసిన ప్రైవేటు స్కూళ్ళ సంగతి. గచ్చిబౌలిలో ఐఎస్‌బీ ఉంది. ప్రభుత్వం ఇచ్చిన భూమి మీద 2001లో మొదలైంది. ఎస్టీ కోటా ఉందేమో వెతికి చూడు, ఉండదు. జంషెడ్‌పూర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఉంది. జంషెడ్‌పూర్ ఎవరి నేల మీద కట్టారో, ఆ ఇనుము ఎవరి కొండల్లోదో ఈ పేజీ చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ప్రైవేటు సంస్థల్లో కూడా రిజర్వేషన్ పెట్టొచ్చని 2005లో 93వ సవరణతో రాజ్యాంగంలో 15(5) చేర్చారు. ఇరవై ఏళ్ళయింది, ప్రైవేటు సంస్థల కోసం పార్లమెంటు చట్టం చేయలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘమే ఆ చట్టం చేయమని సిఫారసు చేసింది, ప్రైవేటు ఉన్నత సంస్థల్లో ఎస్టీ విద్యార్థులు ఒక్క శాతం కూడా లేరని చెప్పింది. ఉద్యమం బ్యానరు మీద ఈ డిమాండు ఎందుకు లేదు? భూమి, అడవి, నీళ్ళు అని రాస్తాం. ఆ మూడింటి మీద కట్టిన బడి కూడా మనదేనని ఎందుకు రాయం?

డబ్బు దగ్గరికి వద్దాం, ఇక్కడే అందరం వెనక్కి తగ్గుతాం. ఐఐఎంలలో రెండేళ్ళకు 20 లక్షల చుట్టూ, పెద్దవాటిలో 25 లక్షలు దాటి అవుతుంది. ఆ అంకె వినగానే మా అమ్మ లాంటివాళ్ళు చేతులు జోడిస్తారు. కానీ కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖ వాళ్ళు పేరున్న సంస్థల్లో సీటొచ్చిన ఎస్టీ పిల్లలకు ఏటా కొత్తగా 1000 మందికి స్కాలర్‌షిప్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపుండాలి. ఆ జాబితాలో ఐఐఎంలున్నాయి. మిగిలినదానికి అప్పు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద మంచి ర్యాంకున్న సంస్థల్లో చేరేవాళ్ళకి తాకట్టు, హామీదారు లేకుండా లోన్ ఇవ్వాలి. మేనేజరు "పొలం పత్రాలు తెండి" అంటే ఆ పథకం పేరు చెప్పు, రాతపూర్వకంగా కాదనమను. అయినా కళ్ళు మూసుకుని సంతకం పెట్టొద్దు. 20 లక్షలు 10 శాతం వడ్డీకి పదేళ్ళయితే నెలకు 26 వేల పైచిలుకు కట్టాలి. ఆ వాయిదా కట్టడం కోసమే ఇష్టంలేని ఉద్యోగంలో ఇరుక్కుపోతావు. అందుకే నేను మొదట సెంట్రల్ యూనివర్సిటీల వైపు చూడమంటా. ఎఫ్ఎంఎస్‌లో రెండేళ్ళ ఫీజు మూడు లక్షలు దాటదు, ఉద్యోగాలు మాత్రం పెద్ద ఐఐఎంలతో పోటీగా వస్తాయి. బ్రోకరు నీకు ఈ పేరు ఎప్పుడూ చెప్పడు, అందులో అతనికి మిగిలేదేం లేదు.

పల్లె పని మీద మనసుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీ ఉంది, గ్రామీణ నిర్వహణలో పీజీ డిప్లొమా నడుపుతుంది. పాల సహకార సంఘాల కురియన్ 1979లో గుజరాత్ ఆనంద్‌లో పెట్టిన ఇర్మా ఉంది, 2025లో అది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంగా మారింది. చేరేముందు ఫీజు, కోటా రెండూ ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకో.

క్యాట్ కుదరలేదు, బయటికి వెళ్ళే వీల్లేదు అంటావా? అప్పుడు ఐసెట్‌తోనే, కానీ యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో మాత్రమే. కారణం ఉంది. 2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసి, ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీలకే ఉంచింది. దాన్ని రద్దు చేస్తామని పాదయాత్రలో మాటిచ్చినవాళ్ళు 2024లో గద్దెనెక్కారు. కాబట్టి ఎవరైనా ప్రైవేటు కాలేజీవాడు "రూపాయి కట్టక్కర్లేదు" అంటే, ఏ జీవో ప్రకారం, ఏ తేదీది అని అడుగు. కాగితం మీద చూపించని మాట మాటే కాదు. ఆ జీవో వల్ల మన పిల్లలు వేలమంది పీజీ మానుకున్నారన్న బాధ నాకూ ఉంది. కానీ దానికి ముందున్న రోజులు బంగారు రోజులని మాత్రం ఎవరూ నాతో అనొద్దు. ఆ రోజుల్లోనే నేను చదివాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాశానంటే, మా పిన్ని కొడుకు. బీకాం పాసయ్యాడు. రాత్రిపూట కైకలూరు వైపు చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. మొన్న వాడికి ఫోనొచ్చింది. మా పిన్ని అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది, కొడుక్కి ఎంబీఏ సీటొచ్చిందని. ఈ ఏడాది చేరితే రెండేళ్ళలో పట్టా, ఆగితే ఒక ఏడాది వెనక. చెరువు మీద కూర్చుని క్యాట్ చదవడం నవ్వులాటగా ఉందని ఇంట్లో అందరూ అంటున్నారు. "అక్కా, నీ సంగతి వేరు, నాకు అలా జరగదేమో" అన్నాడు వాడు. నాకు కోపం రాలేదు. నేనూ 2016లో అలాగే అనుకున్నాను.

వాడితో ఒక్కటే చెప్పాను. ఆయనకి నువ్వే ఫోన్ చెయ్యి, మూడు ప్రశ్నలు అడుగు, జవాబులు నచ్చితే చేరు, నేను అడ్డుపడను అన్నాను. ఒకటి, ఫీజు నా బదులు ప్రభుత్వమే కడుతుందంటున్నారు కదా, ఆ జీవో నంబరేంటి? రెండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరినరోజే తిరిగిస్తామని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసిస్తారా? మూడు, పోయినేడు మీ దగ్గర పాసైన ఎస్టీ పిల్లలు ఎంతమంది, ఇప్పుడు ఏం చేస్తున్నారు, వాళ్ళలో ఇద్దరితో నన్ను మాట్లాడిస్తారా?

రెండో ప్రశ్నకే ఫోన్ పెట్టేశాడట. వాడు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ పుస్తకాల కోసం బెజవాడ వెళ్ళి వచ్చాడు. కుల పత్రంలో పేరు కేంద్ర జాబితాలో ఉన్నట్టే ఉందో లేదో చూసి, లేకపోతే ఆగస్టులోపే తహసీల్దారు ఆఫీసులో సరిచేయించుకోమన్నాను. మూడో ప్రశ్న మాత్రం అడగకుండానే మిగిలిపోయింది. నీకు ఫోనొస్తే నువ్వడుగు, ఏమన్నారో నాకు రాయి.